రసమట్టం పెట్టిన నాగలి

ఆ బుధవారం ఉదయం పాండురంగారావు మాస్టారు వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. కాఫీ తాగడం, పేపరు చూడటం, మర్నాటి సభకు పంచె ఇస్త్రీ చేయించుకోవడం. ఆయన ఆ మూడింటితో ఆగివుంటే నగరం మండలంలో ఇంతమందికి ఇన్నాళ్ళపాటు నవ్వుకునే అవకాశం దక్కేది కాదు.

మాస్టారికి వంకర గిట్టదు. తెనాలిలో ముప్పై మూడేళ్ళు డ్రాయింగు చెప్పి, పిల్లల చేత సరళరేఖలు గీయించి గీయించి రిటైరయ్యారు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడమీద క్యాలెండరు సరిచేసి, తర్వాతే కుర్చీలో కూర్చుంటారు. ఒక పెళ్ళిలో విస్తళ్ళ వరస సరిచేయబోయి, పప్పు గిన్నె పట్టుకున్నాయన చేత చీవాట్లు కూడా తిన్నారు. చేసేవాళ్ళకు చేతకాకే వ్యవసాయం ఇలా తగలడిందని నమ్మి, రిటైరైన మరుసటి నెలలోనే సొంతూరు చేరి, కౌలుకిచ్చిన అయిదెకరాలూ వెనక్కు తీసుకుని, ఒక ట్రాక్టరు కొన్నారు. ఆయన జన్మలో దుక్కి దున్నినవాడు కాదు. దున్నడం గురించి అభిప్రాయాలు చెప్పడానికి అది అడ్డం కాలేదు.

మర్నాడు ఆయన పొలంలో వేసవి దుక్కుల ప్రదర్శన. బాపట్ల వ్యవసాయ కాలేజీ నుంచి వెంకట్రామయ్య గారనే ప్రొఫెసరు వస్తున్నారు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు వస్తున్నారు. రేపల్లె నుంచి ఫొటోగ్రాఫరు వస్తున్నాడు. ఆహ్వానపత్రాల మీద మాస్టారి పేరు లావుపాటి అక్షరాల్లో ఉంది. అసలు ప్రదర్శించబోయే నాగలిని తయారుచేసిన మనిషి పేరు మాత్రం, చోటు చాలక, వేయలేదు.

ఆ మనిషి హనీఫ్. తెనాలిలో కొలిమి. తండ్రి కాలంలో ఎడ్లబండ్ల చక్రాలకు ఇనప పట్టాలు వేసేవాళ్ళు. బండ్లు పోయాయి, తండ్రీ పోయాడు. షోరూముల్లో దొరికే నాగళ్ళు ఈ ప్రాంతపు నల్లమట్టిలో ముక్కుతున్నాయని, హనీఫ్ రెండేళ్ళు కూర్చుని, రెండు రెక్కల ట్రాక్టరు నాగలి ఒకటి తయారుచేశాడు. దాన్ని చూడటానికి పదిహేనుమంది రైతులు ఒప్పుకున్నారు. "మాస్టారి పొలంలో చూస్తాం భాయ్. దుక్కి చాలు శుభ్రంగా పడితే తలా ఒకటి చేయించుకుంటాం" అన్నారు. పడకపోతే ఏమిటన్నది వాళ్ళు అనలేదు గాని హనీఫ్‌కు తెలుసు. కొలిమి ఆర్పేసి, ఇక కిటికీ గ్రిల్లులు చేసుకుంటూ కూర్చోవడమే. ఇంట్లో భార్య షాహీదాకు కూడా ఆ మాటే చెప్పి వచ్చాడు.

అందుకే మంగళవారం నాడే దిగి, సాయంత్రం దాకా పొలం మూల నాగలిని సర్దాడు. దున్నడం, దిగడం, చాల్లో చెయ్యిపెట్టి లోతు చూడటం, నాగలి కుడి పక్కను ఎత్తే దించే హ్యాండిలు అరచుట్టు తిప్పడం, మళ్ళీ దున్నడం. చివరికి మూడు చాళ్ళు పడ్డాయి, ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్నట్టు. అప్పుడు ఆ హ్యాండిలు మర మీద పసుపు రంగుతో ఒక గీత పెట్టాడు.

"మాస్టారూ, ఒక్క మాటండి" అన్నాడు. "దున్నేటప్పుడు ట్రాక్టరు కుడి చక్రం చాల్లో నడుస్తుంది. బండి మొత్తం కుడికి ఒరుగుతుంది. అలా ఒరిగినప్పుడు నాగలి సమంగా ఉండాలంటే, చదునైన చోట నిలబెట్టినప్పుడు కుడి పక్క లేచి, వంకరగానే కనిపించాలి. ఇంటి దగ్గర చూసి వంకర అనుకోకండి. ఈ గీత దాటి ముట్టుకోకండి."

"నాకు తెలీదటయ్యా" అన్నారు మాస్టారు. ఆయన నిజానికి వినలేదు. హనీఫ్ చొక్కా కాలరు ఒక పక్క లేచి ఉంది. మాట్లాడినంతసేపూ దాన్నే చూస్తున్నారు.

బుధవారం ఉదయం కాఫీ గ్లాసుతో వీధి వరండాలోకి వచ్చిన మాస్టారికి, వాకిట్లో సిమెంటు గచ్చు మీద ట్రాక్టరు, దాని వెనక నాగలి కనిపించాయి. నాగలి కుడి పక్క లేచి, ఎడమ పక్క దిగి, పక్షవాతం వచ్చిన మనిషి భుజాల్లా ఉంది. మాస్టారికి కాఫీ చేదెక్కింది.

"ఒరే శివనాగరాజూ" అని కేకేశారు.

శివనాగరాజు డ్రైవరు. నిజాంపట్నం వైపువాడు. పదేళ్ళు తండ్రితో సముద్రం మీద వేటకు వెళ్ళి, ఒక తుఫానులో పడవ పోయాక స్టీరింగు పట్టాడు. బండి తుడుస్తున్న గుడ్డ భుజాన వేసుకుని వచ్చాడు.

"ఇదేంటిరా ఇలా ఉంది?"

"అలాగే ఉండాలన్నాడండి హనీఫ్ భాయ్."

"వంకరగా ఉండాలన్నాడా?"

"చక్రం చాల్లో దిగితే సమానం అవుద్దంటండి."

"అవుద్దంట" అని వెక్కిరించారు మాస్టారు. "రేపు బాపట్ల నుంచి అంత పెద్దాయన వస్తున్నాడు. వచ్చి ముందు చూసేది చక్రమా, నాగలా? పని తెలిసినవాడే గాని హనీఫ్‌కి కన్ను లేదురా. కన్ను అనేది చదువుకుంటే వస్తుంది."

లోపలి నుంచి ఆయన భార్య కరుణ గారి గొంతు వినిపించింది. "ఏవండీ, అది పెట్టినాయన పెట్టాడు. మీరు పంచె సంగతి చూసుకోండి."

ఆ మాట వినపడిందనడానికి ఆధారాలేమీ లేవు. మాస్టారు అప్పటికే ప్రహరీ గోడ వైపు నడుస్తున్నారు. అక్కడ దేవసహాయం గోడ కడుతున్నాడు. అతని పక్కన రసమట్టం ఉంది. గోడ సమంగా ఉందో లేదో చూసుకునే ఆ చెక్కబద్ద, మధ్యలో గాజుగొట్టం, అందులో బుడగ, డ్రాయింగు మాస్టారి కంటికి దేవుడి పటంలా కనిపించాయి.

"ఇదొక్క అరగంట ఇవ్వు దేవసహాయం."

"గోడ వరస మధ్యలో ఉందండి మాస్టారు."

"నీ గోడ ఎక్కడికీ పోదులే."

రసమట్టం నాగలి చట్రం మీద పెట్టారు. బుడగ ఒక పక్కకు పారిపోయింది. మాస్టారి ముఖం వెలిగిపోయింది. "చూశావా. నేను చెప్పడం కాదు, బుడగే చెబుతోంది" అన్నారు. శివనాగరాజు చేత హ్యాండిలు తిప్పించారు. బుడగ మధ్యకు రావడానికి ఏడు చుట్లు పట్టింది. పసుపు గీత ఎక్కడో పైకి వెళ్ళిపోయింది.

దేవసహాయం తాపీ పట్టుకుని వచ్చి, గచ్చు వైపు ఒకసారి, బుడగ వైపు ఒకసారి చూశాడు. "మాస్టారండీ, ఈ గచ్చు నేను పోసిందే. వాన నీళ్ళు కాలవలోకి పోవాలని రెండంగుళాలు వాటం ఇచ్చానండి. బండి కుడి చక్రం మెరక మీద ఉంది. ఇక్కడ మట్టం చూస్తే..."

"అంటే నా వాకిలి కూడా వంకరేనా?" అన్నారు మాస్టారు బాధగా.

"వంకర కాదండి, వాటం."

"ఏ పేరు పెట్టుకున్నా వంకర వంకరేనయ్యా" అని మాస్టారు చర్చ ముగించారు. ఆయన ముగించిన చర్చలు మళ్ళీ తెరిచినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. దేవసహాయం గోడ దగ్గరికి వెళ్ళి తాడు కట్టుకుని, కంటితో చూసుకుంటూ నాలుగు వరసలు పేర్చి, మట్టం లేక మధ్యాహ్నానికి పని ఆపేసి ఇంటికి వెళ్ళిపోయాడు. రసమట్టం ట్రాక్టరు సీటు కిందికి చేరింది.

సరిచేయడం అనేది ఒక్క చోట ఆగే పని కాదు. నిటారుగా నిలబడ్డ నాగలిని చూసి మాస్టారు మురిసిపోయారు గాని, దాని రంగు నచ్చలేదు. నేలను చీల్చే కర్రులూ, రెక్కలూ మంగళవారం దున్నిన దున్నుడికి అరిగి, తెల్లగా మెరుస్తున్నాయి. మిగతా చట్రం నల్లగా ఉంది. ఫొటోలో బాగుండదు. మధ్యాహ్నానికి రేపల్లె నుంచి డబ్బా ఎర్ర ఎనామిలు రంగు తెప్పించి, చట్రానికీ, హ్యాండిలు మరకీ, కర్రులకీ, మట్టిని తిరగేసే ఆ రెక్కలకీ కూడా రెండేసి పూతలు స్వయంగా వేశారు. ఒక చుక్క కింద పడకుండా వేశారు. అందులో ఆయన్ను అనడానికి లేదు. హనీఫ్ పెట్టిన పసుపు గీత ఆ ఎరుపు కింద సమాధి అయింది.

"రెక్కకి రంగెయ్యకూడదేమోనండి" అన్నాడు శివనాగరాజు. "నున్నగా ఉంటేనే మట్టి జారుద్ది."

"రంగు నున్నగా ఉండదటరా?"

శివనాగరాజు రంగు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. అతనికి ఉన్నది ఒక్కటే ఉద్యోగం.

సాయంత్రం పొలం చూడబోయిన మాస్టారికి ఎదుటి గట్టు మీద ఒక సరుగుడు కర్ర, దాని కొసన తెల్ల గుడ్డ కనిపించాయి. అది శివనాగరాజు పాతింది. సముద్రం మీద ఒడ్డున ఏ తాడిచెట్టునో గురుతు పెట్టుకుని పడవ నడిపినట్టే, తొలి చాలుకు అతను ఎదర ఒక గురుతు పెట్టుకుంటాడు. చూపు దాని మీదే ఉంచి, ముక్కుకు సూటిగా పోతాడు. ఇన్నాళ్ళూ అతని చాలు గీత గీసినట్టు రావడానికి కారణం అదే.

"పీకెయ్ దాన్ని" అన్నారు మాస్టారు. "ఫొటోలో పడితే ఇక్కడెవరో పోయారనుకుంటారు."

"గురుతు లేకపోతే చాలు సరిగా రాదండి."

"నేనుంటాగా. తెల్లపంచె కట్టుకుని ఎదుటి గట్టు మీద నిలబడతా. నన్ను చూసుకుంటూ వచ్చేయ్."

గురువారం తొమ్మిదింటికి పొలం గట్టు నిండిపోయింది. నాలుగు రోజుల కిందట పడ్డ వానకు నేల మెత్తబడి, దుక్కికి సరిగ్గా పదునులో ఉంది. నాగలికి పసుపు రాశారు, కుంకం పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఎర్రటి నాగలిని చూసి రైతులు కాస్త దూరంగా నిలబడ్డారు. ఆరీ ఆరని ఎనామిలు వాళ్ళ పంచెలకు అంటుతుందని భయం. వెంకట్రామయ్య గారు మాత్రం దగ్గరికి వచ్చి, కళ్ళజోడు సర్దుకుని, రెక్కల మీది రంగును వేలితో తడిమి చూశారు. హనీఫ్ ఇంకా రాలేదు. తెనాలి నుంచి రైలు రేపల్లెకు బాగానే చేరింది గాని, అక్కడ ఎక్కిన బస్సుకు దారిలో టైరు పోయింది.

"ఆయన కోసం ఆగుదామా?" అన్నారు ప్రొఫెసరు.

"ఎందుకండీ, అంతా నేను దగ్గరుండి సర్దించాను" అన్నారు మాస్టారు. తర్వాత ఆయన ఎంతో వెనక్కు తీసుకోవాలనుకున్న మాట ఇదే.

మాస్టారు ఎదుటి గట్టు మీదికి వెళ్ళి నిలబడ్డారు. శివనాగరాజు ఆయన పంచె మీద చూపు నిలిపి, నాగలి దించి, బండి కదిలించాడు. సరిగ్గా అప్పుడే గట్టు మీదున్న ఫొటోగ్రాఫరు, "సార్, కొంచెం ఎడమకి రండి, వెనకాల కరెంటు స్తంభం పడుతోంది" అన్నాడు. మాస్టారు నాలుగడుగులు ఎడమకు వేశారు. ట్రాక్టరు కూడా అటే మళ్ళింది. "ఇంకొంచెం సార్." ఇంకో ఆరడుగులు. ట్రాక్టరు ఇంకొంచెం మళ్ళింది. "ఇప్పుడు ఎండ మొహాన కొడుతోంది, కుడికి రండి." మాస్టారు కుడికి వచ్చారు. చాలు కూడా వచ్చింది. ఎవరి ఆదేశాలు వాళ్ళు నమ్మకంగా పాటించారు. పొలం మధ్యలో, జన్మంతా సరళరేఖలు గీయించిన మనిషి పుణ్యమా అని, మూడు వంపుల కాలిబాట ఒకటి వెలిసింది.

అంతటితో పోలేదు. రెండో చాలుకు కుడి చక్రం మొదటి చాల్లో దిగింది. బండి కుడికి ఒరిగింది. సమంగా పెట్టామనుకున్న నాగలి బండితోపాటే ఒరిగింది. ముందు కర్రు బావి తవ్వుతున్నట్టు భూమిలోకి దిగబడితే, వెనక కర్రు వీపు గోకుతున్నట్టు పైపైన గీరుకుంటూ వచ్చింది. తడి నల్లమట్టి జారిపోవడం మానేసి, మెత్తని ఎనామిలును పట్టుకుని రెక్కల మీద పేరుకుపోయింది. పది గజాలు పోయేసరికి నాగలి మాయమై, దాని స్థానంలో రెండు మట్టి ముద్దలు కనిపించాయి. ఇంజను మూలిగి, నల్లటి పొగ వదిలి, ఆగిపోయింది.

గట్టు మీద నవ్వు మొదలైంది. పదిహేనుమందిలో పెద్దవాడు, చుండూరు నుంచి వచ్చిన పూర్ణచంద్రరావు, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇంతోటి దానికి తెనాలి దాకా ఎందుకండీ, మన గేదెలు పొర్లినా ఇంతకంటే బాగుంటుంది" అన్నాడు. ఇద్దరు మోటారుసైకిళ్ళ వైపు నడిచారు.

హనీఫ్ బస్సు దిగి పరుగున వచ్చి చేరింది అప్పుడే. వంపుల చాలు చూశాడు. మట్టి ముద్దలు చూశాడు. మట్టి సందుల్లోంచి కనిపిస్తున్న ఎరుపు చూశాడు. నాగలి దగ్గరికి నడిచాడు.

ఈలోగా మాస్టారు అందుకున్నారు. అంతమంది ముందు పోతున్న పరువును ఎవరో ఒకరి మీద దించాలి. "ఏంటయ్యా హనీఫ్ ఇది? నిన్ను నమ్మి ఇంతమందిని పిలిస్తే ఇదా నీ పనితనం? ఇనుము వంచడం వచ్చినంత మాత్రాన నాగలి వచ్చినట్టేనా?"

హనీఫ్ మర వైపు చూశాడు. పసుపు గీత లేదు. అతనికి కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ ఏడుపు వచ్చింది. ఇంటికి వెళ్ళి షాహీదాకు ఏం చెప్పాలో ఆ క్షణాన అతనికి తెలియలేదు. "నేను పెట్టింది ఇలా కాదండి" అన్నాడు.

"మరి నేను పెట్టానా?" అన్నారు మాస్టారు.

ఆ ప్రశ్నకు జవాబు గట్టు వెనక నుంచి వచ్చింది. దేవసహాయం సైకిలు దిగి, తలపాగా విప్పుకుంటూ జనాన్ని తోసుకుని ముందుకు వచ్చాడు. సభ అంటే అతనికి గౌరవమే గాని, అవతల గోడ ఆగిపోయింది.

"మాస్టారండీ, పొద్దున్నుంచీ మీ కోసం చూస్తున్నా. నిన్న నాగలి సమం చేయడానికి తీసుకున్న రసమట్టం ఇప్పిస్తారా? ట్రాక్టరు సీటు కింద పెట్టారంట."

వెంకట్రామయ్య గారు నెమ్మదిగా అడిగారు. "నాగలికి రసమట్టం పెట్టారా? ఎక్కడ?"

"వాళ్ళ వాకిట్లోనండి" అన్నాడు దేవసహాయం అమాయకంగా. "అక్కడ రెండంగుళాలు వాటం ఉందని నేను చెబుతూనే ఉన్నా. నా గచ్చుది తప్పేం లేదండి."

శివనాగరాజు సీటు ఎత్తి, రసమట్టం తీసి ఇచ్చాడు. ఉద్యోగంలో చేరాక అతను అంత సంతోషంగా చేసిన పని ఇంకొకటి లేదు.

మోటారుసైకిళ్ళ దాకా వెళ్ళిన ఇద్దరూ వెనక్కు వచ్చారు. వాళ్ళు వచ్చింది నాగలి కోసం కాదు, మాస్టారి ముఖం చూడటానికి. కాని హనీఫ్ అప్పటికే చొక్కా చేతులు మడిచాడు. "ఒక్క గంట ఆగండి" అన్నాడు అందరితో. ఇటుకముక్కతో, ఇసుకతో, కిరసనాయిలు గుడ్డతో రెక్కలు రుద్దడం మొదలుపెట్టాడు. కాసేపు చూసి పూర్ణచంద్రరావు కూడా ఒక ఇటుకముక్క అందుకున్నాడు. రైతు అన్నవాడు నాగలిని ఆ స్థితిలో చూస్తూ ఎక్కువసేపు చేతులు కట్టుకుని ఉండలేడు. ఎర్రరంగు ఊడి, ఇనుము తెల్లగా బయటపడింది. శివనాగరాజు అడక్కుండానే వెళ్ళి సరుగుడు కర్ర తెచ్చి, గట్టు మీద మళ్ళీ పాతాడు.

హనీఫ్ ముందు ఒక్క చాలు సూటిగా తీయించాడు. కుడి చక్రం అందులో దించి, నాగలి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, హ్యాండిలు తిప్పాడు. కొలత లేదు, బుడగ లేదు. మంగళవారం ఏ అరచుట్టు దగ్గర ఆగాడో చేతికి గుర్తుంది. లేచి, "పోనీ తమ్ముడూ" అన్నాడు.

బండి కదిలింది. నల్లమట్టి అట్లకాడతో తిరగేసిన అట్టులా లేచి, బోర్లపడి, పక్కకు ఒరిగింది. కలుపు అడుగున పడింది. ఎదుటి గట్టు దాకా రెండు చాళ్ళు, ఒకే లోతు, ఒకే వెడల్పు. పూర్ణచంద్రరావు చాల్లోకి దిగి జానతో లోతు కొలిచాడు. ఆ కొసకు వెళ్ళి మళ్ళీ కొలిచాడు. పైకి వచ్చి, "నాది ముందు చెయ్యి భాయ్" అన్నాడు. హనీఫ్ తల తిప్పుకుని ఇటుకముక్కతో అరచేతుల రంగు గీరుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నట్టు కనిపించకుండా ఉండటానికి అదొక దారి.

ఇక మాస్టారిని పరామర్శించే పని ప్రొఫెసరు గారి మీద పడింది.

"మాస్టారూ, మేం క్లాసులో బొమ్మలు వేసి చెప్పే తప్పులన్నీ మీరు ఒక్క పూటలో, ఒక్క పొలంలో చూపించారు. నా సర్వీసులో ఇంత సంపూర్ణంగా చూడలేదు. వచ్చే నెల బాపట్లలో రైతులకు శిక్షణ ఉంది, మీరు రావాలి. ముందు మీరు సర్దండి. తర్వాత హనీఫ్ గారు సర్దుతారు. తేడా చూస్తే ఎవరూ మర్చిపోరు."

మాస్టారి చెవికి అందులో రెండు ముక్కలే ఎక్కాయి, బాపట్ల, మీరు రావాలి. "శాలువా ఏమైనా ఉంటుందాండి?" అని అడిగారు.

ఉంది. బాపట్లలో కప్పారు కూడా. ఒక ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. అది ఇప్పుడు వాళ్ళ వరండాలో ఉంది. మేకు కొట్టింది కరుణ గారు గనుక కాస్త ఎడమకు ఒరిగి ఉంటుంది. మాస్టారు సరిచేయబోయిన ప్రతిసారీ ఆవిడ లోపలి నుంచే, "ఏవండీ, హనీఫ్ గారొచ్చి చెప్పేదాకా దాన్ని ముట్టుకోకండి" అంటారు.

ఆ వేసవిలో హనీఫ్ కొలిమి ఆరలేదు. పదిహేనుమందీ నాగళ్ళు చేయించుకున్నారు. అయితే అందరూ కూడబలుక్కున్నట్టు ఒకే మార్పు అడిగారు. సర్దిన తర్వాత ఆ హ్యాండిలు తిరగకుండా అడ్డంగా ఒక కమ్మీ, దానికి తాళం, తాళంచెవి డ్రైవరు దగ్గర. హనీఫ్ అలాగే చేసిచ్చాడు. మాస్టారి నాగలికీ పెట్టమని శివనాగరాజు కబురు చేస్తే, పని మానుకుని తెనాలి నుంచి వచ్చి పెట్టి వెళ్ళాడు.

అందరి నాగళ్ళకీ ఒక్కొక్క తాళం. మాస్టారి నాగలికి మాత్రం రెండు.